ఉత్తరాన చిట్టచివరి నేల ఏది? ఊడాక్ దీవి ఏమైంది?

ముమ్మిడివరం మాస్టారు

ఉత్తర ధ్రువానికి అన్నిటికంటే దగ్గరగా ఉన్న నేల ఏదన్న ప్రశ్నకు మా పాఠశాల గ్రంథాలయంలోనే మూడు జవాబులు దొరుకుతున్నాయి. పాత అట్లాసు గ్రీన్‌లాండ్ ప్రధాన భూభాగపు ఉత్తర కొస అయిన మోరిస్ జెసప్ అగ్రాన్ని చూపిస్తోంది. ఆ తర్వాతి కాలంలో అచ్చయిన విజ్ఞాన సర్వస్వం 1978లో డెన్మార్క్ సర్వే బృందం కనుగొన్న ఊడాక్ అనే చిన్న దీవి పేరు చెబుతోంది. 2021 ఆగస్టులో దినపత్రిక నుంచి కత్తిరించి దాచిన వార్తలో ఊడాక్‌కు ఇంకా ఉత్తరాన మరో కొత్త దీవి బయటపడిందని ఉంది. పోటీ పరీక్షల పుస్తకాలలోనైతే ఎవరు ఏది అచ్చు వేస్తే అదే సరైన జవాబుగా చలామణీ అవుతోంది.

ఊడాక్ దీవి ఇప్పుడు ఆ చోట లేదని ఒక వ్యాసంలో చదివి, ఆ మాట తరగతిలో చెప్పాను. లంక గ్రామాల నుంచి వచ్చే పిల్లలకు అది వింతగా తోచలేదు. గౌతమి పాయలో ఒక లంక కోతకు గురై ఏటేటా తరిగిపోవడం, ఇంకొక చోట కొత్త తిప్ప మేట వేయడం వాళ్లు ఊహ తెలిసినప్పటి నుంచి చూస్తున్నదే. “దాన్ని కూడా వరద కోసేసిందా మాస్టారూ?” అని ఒకమ్మాయి అడిగింది. అవునని చెప్పడానికి నాకు మనసొప్పలేదు. ఆ తీరంలో గోదావరి వంటి నది ఏదీ పటంలో కనిపించదు, పైగా అక్కడ ఏడాదిలో ఎక్కువ కాలం సముద్రమే గడ్డకట్టి ఉంటుంది. మరి కోసింది ఎవరు?

నేను తెలుసుకోగోరుతున్నవి ఇవి. ప్రస్తుతం ఏ జవాబు సరైనది, దానికి ఆధారం ఏమిటి? ఊడాక్ వంటివి కనిపించి మాయం కావడానికి కారణం ఏమిటి? మన లంకల ఉదాహరణతో పిల్లలకు చెబితే అర్థం దారి తప్పుతుందా? గోడకు తగిలించే పెద్ద పటం ఒకటి పిల్లల చేత గీయిస్తున్నాం కనుక తెలిసినవారు వివరంగా రాస్తే ఎంతో మేలు చేసినవారవుతారు.

రాతిపొర

మాస్టారూ, సూటి జవాబు ముందు చెబుతాను. నేడు నిలబడే జవాబు ఆ మూడింటిలో ఏదీ కాదు. దాని పేరు కాఫెక్లుబ్బెన్ దీవి. మోరిస్ జెసప్ అగ్రానికి తూర్పుగా ముప్పై కిలోమీటర్లకు పైగా దూరంలో, సుమారు 83 డిగ్రీల 40 నిమిషాల ఉత్తర అక్షాంశం దగ్గర, గ్రీన్‌లాండ్ ఉత్తర తీరాన్ని ఆనుకొని ఉన్న చిన్న దీవి అది. పొడవు ఒక కిలోమీటరుకు అటూ ఇటూ, వెడల్పు బాగా ఉన్న చోట కూడా కొన్ని వందల మీటర్లే, ఎత్తు ముప్పై మీటర్ల లోపు. అక్కడి నుంచి ధ్రువానికి 700 కిలోమీటర్లకు కాస్త పైగా దూరం ఉంటుంది. ఆ దూరమంతా సముద్రమూ, దాని మీద కదిలే మంచూ తప్ప మరేమీ లేదు. మనుషులు ఎన్నడూ స్థిరపడని చోటు అది.

అమెరికన్ అన్వేషకుడు రాబర్ట్ పియరీ 1900లో ఆ తీరం వెంట వెళ్తూ ఈ దీవిని దూరం నుంచి చూశాడు. మొదట కాలు పెట్టినవాడు డెన్మార్క్ భూవిజ్ఞాని లావ్గె కోక్. 1921లో కుక్కలు లాగే స్లెడ్జి బండ్ల మీద ఆ ప్రాంతమంతా తిరిగి పటాలు గీస్తూ అక్కడికి చేరాడు. కోపెన్‌హాగన్‌లోని ఖనిజ ప్రదర్శనశాలలో తన సహచరులు నడుపుకొనే కాఫీ క్లబ్బు పేరునే దీవికి పెట్టాడు. అయితే అది ప్రధాన భూభాగపు కొస కంటే ఉత్తరాన ఉందన్న సంగతి అప్పటికి తేలలేదు. 1969లో కెనడా బృందం ఒకటి జాగ్రత్తగా కొలిచి, దీవి ఉత్తరపు అంచు మోరిస్ జెసప్ అగ్రం కంటే సుమారు 750 మీటర్లు ఎక్కువ ఉత్తరంగా ఉందని నిర్ధారించింది. మీ పాత అట్లాసులోని జవాబు ఆ కొలతకు ముందు కాలానిది.

ఇక ఊడాక్ సంగతి. 1978లో డెన్మార్క్ సర్వేయర్లు కాఫెక్లుబ్బెన్ స్థానాన్ని సరిచూసుకోవడానికి వెళ్లినప్పుడు దానికి ఉత్తరంగా 1,360 మీటర్ల దూరంలో, సముద్రపు మంచు మధ్య, కంకరా మట్టీ పేరుకొన్న చిన్న దిబ్బ కనిపించింది. దాని పరిమాణం సుమారు 15 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు. మన వైపు ఒక మండువా లోగిలి అంతకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. 1909లో పియరీ వెంట ధ్రువయాత్రకు వెళ్లిన, గ్రీన్‌లాండ్‌లోని ఇనుగ్విట్ తెగకు చెందిన ఊడాక్ పేరు దానికి పెట్టారు. తర్వాత వెళ్లినవారికి అది ఆ చోట కనిపించలేదు. దానికి బదులు 1990ల నుంచి చుట్టుపక్కల వేరే వేరే చోట్ల ఇలాంటి దిబ్బలే ఒకరికొకటి కనిపిస్తూ వచ్చాయి. ప్రతి ఒక్కటీ కొత్త రికార్డుగా నమోదయింది.

2021 జులైలో కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయానికి చెందిన మోర్టెన్ రాష్ నాయకత్వంలోని బృందం నమూనాల సేకరణకు హెలికాప్టర్‌లో వెళ్లి, ఊడాక్ అనుకొని ఒక దిబ్బ మీద దిగింది. తిరిగి వచ్చి లెక్కలు చూసుకొంటే తాము దిగిన చోటు ఊడాక్ నమోదైన స్థానానికి సుమారు 780 మీటర్ల ఎడంగా ఉందని తెలిసింది. అది సుమారు 60 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు, నీటి మట్టానికి మూడు నాలుగు మీటర్ల ఎత్తు ఉంది. కెకెర్తాక్ అవన్నార్లెక్ అన్న పేరు సూచించారు. మీరు దాచిన వార్త ఇదే.

కథ అక్కడితో ఆగి ఉంటే ఆ జవాబే పుస్తకాలలో స్థిరపడేది. 2022లో డెన్మార్క్, స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు మళ్లీ వెళ్లి, అంతకుముందు ఎవరూ చేయని పని చేశారు. ఆ దిబ్బల చుట్టూ సముద్రం ఎంత లోతుందో కొలిచారు. అప్పటివరకు దీవులు ఉన్నాయని నమోదైన చోట్లన్నింటా 26 నుంచి 47 మీటర్ల లోతు నీరుందని తేలింది. అంటే అక్కడ సముద్రపు అడుగు నుంచి లేచిన నేల లేదు. పైన కంకర పరుచుకొన్న బల్లపరుపు ఐస్‌బర్గులే దీవులుగా కనిపించాయని ఆ బృందం ప్రకటించింది.

ఈ లెక్కను తరగతిలో పిల్లల చేతనే చేయించవచ్చు. హిమానీనదపు మంచు సముద్రపు నీటిలో తేలేటప్పుడు పది భాగాలలో తొమ్మిది భాగాలకు దగ్గరగా మునిగి ఉంటుంది. పైన మూడు మీటర్లు కనిపిస్తే కింద సుమారు 25 మీటర్లు ఉండాలి, పైన మూడున్నర ఉంటే కింద 30కి దగ్గరగా ఉండాలి. అక్కడి లోతుల్లో తక్కువవి సరిగ్గా ఆ మేరకే ఉన్నాయి. తీరపు హిమానీనదాల నుంచి విడివడిన మంచు పలకలు అంత లోతున్న చోటికి వచ్చేసరికి అడుగు నేలకు తగిలి కూరుకుపోతాయి, చుట్టూ సముద్రపు మంచు బిగుసుకొని వాటిని పట్టి ఉంచుతుంది. అలా కొన్నేళ్లు కదలకుండా ఉండగలవు. ఎప్పుడో ఒక వేసవిలో మంచు వదులై, కింద అరిగి, తేలికపడి లేచి పోతాయి. చూడడానికి వచ్చినవారికి ఆ చోట నీరే మిగులుతుంది.

కాబట్టి ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు: ఊడాక్‌ను ఎవరూ కోయలేదు, అది ఉన్న చోటు నుంచి కదిలి వెళ్లిపోయింది.

ఏటిగట్టు

మాస్టారూ, నేను సర్వే శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్నవాణ్ని. రాతిపొర గారు చెప్పిన విషయం బాగుంది. లంకల పోలిక వాడవచ్చా అన్న మీ మూడో ప్రశ్నకు నాకు తోచింది రాస్తాను. వాడండి, కానీ తేడా చూపించడానికే వాడండి.

లంక ఎలా పుడుతుందో మీ పిల్లలకు తెలుసు. వరద తగ్గుముఖం పట్టి నీటి వడి మందగించిన చోట ఇసుక దిగుతుంది. మరుసటి ఏడు దాని మీద రెల్లు మొలుస్తుంది, ఆ రెల్లు దుబ్బులు తర్వాతి వరదలోని ఒండ్రును పట్టుకొంటాయి, అలా ఏటేటా ఎత్తు పెరిగి సాగుకు పనికివచ్చే భూమి అవుతుంది. అది ఎంత కొత్తదైనా, ఎంత బలహీనమైనదైనా, నది అడుగు నుంచి పొర మీద పొరగా పేరిన నేల. కోతలో పోయినప్పుడు కూడా ఆ మట్టి అంచు నుంచి పెళ్లలు పెళ్లలుగా విరిగి అదే నదిలో పడుతుంది, దిగువన ఇంకెక్కడో మళ్లీ మేట వేస్తుంది. అందుకే రెవెన్యూ లెక్కల్లో లంకభూములను వాటి నిలకడను బట్టి ఎ, బి, సి తరగతులుగా విడదీశారు. ఎప్పుడు పోతుందో తెలియని సి తరగతి భూమిని కౌలుకే ఇస్తారు. నిలకడ లేదన్నంత మాత్రాన అది భూమి కాదని మన లెక్కల్లో ఎవరూ రాయలేదు.

కొత్త తిప్పల కొలతకు వెళ్లినప్పుడు మాకు తోడు వచ్చే నావవాళ్లు ముందుగా చేసే పని గెడ దించి చూడడం. ఒడ్డున నిలబడి చూస్తే తిప్ప పెద్దదిగా కనిపించవచ్చు. గెడ చుట్టూ నాలుగు వైపులా దించి, ఇక్కడ ఇసుక తగులుతోంది, ఇక్కడ బురద, ఇక్కడ అందడం లేదు అని వాళ్లు చెప్పాకే మేము గొలుసు పరిచేవాళ్లం. గట్టిగా పాతిన సర్వే రాయి మరుసటి వరదకు నదిలో పడిపోయిన సందర్భాలు ఉన్నాయి, కానీ రాయి పాతింది నేలలోనే. ఆ ఉత్తర తీరంలో 1978 నుంచి వెళ్లినవారందరూ దిబ్బ పైభాగాన్నే కొలుస్తూ వచ్చారు, 2022 దాకా లోతు ఎవరూ చూడలేదు. అంత దూరం వెళ్లడమే కష్టమైన చోట దాన్ని తప్పుగా ఎంచలేం. ఏమైనా నిర్ణయాత్మకమైన కొలత అదే.

చట్టం ఏమంటుందో కూడా పిల్లలకు చెప్పండి. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందంలో 121వ అధికరణం దీవిని నిర్వచిస్తుంది. సహజంగా ఏర్పడి, చుట్టూ నీరుండి, పోటు సమయంలో కూడా నీటిపైన కనిపించే భూభాగమే దీవి. ఇందులో మొదటి షరతు భూభాగం కావడం. మంచు ఎంత కాలం నిలిచినా, దాని మీద ఎంత కంకర ఉన్నా, అది ఆ షరతు దాటదు. అదే అధికరణంలోని మూడో భాగం ప్రకారం మనుషుల నివాసానికి గానీ స్వంత ఆర్థిక జీవనానికి గానీ ఆధారం కాలేని రాళ్లకు ప్రాదేశిక జలాలే తప్ప ప్రత్యేక ఆర్థిక మండలం రాదు. ధ్రువం చుట్టూ సముద్రపు అడుగు మీద హక్కుల కోసం దేశాలు పోటీపడుతున్న కాలమిది. గ్రీన్‌లాండ్ తరఫున డెన్మార్క్ 2014లో సుమారు 8,95,000 చదరపు కిలోమీటర్ల సముద్రగర్భాన్ని, ధ్రువాన్ని కూడా కలుపుకొని, తనదిగా గుర్తించమని కోరింది. అయితే ఆ కోరిక ఇలాంటి దిబ్బల మీద ఆధారపడింది కాదు. ఖండపు అంచు సముద్రం కింద ఎంత దూరం సాగిందన్న భూగర్భ ఆధారాల మీద నిలిచింది.

మన బంగాళాఖాతంలోనే ఇటువంటి కథ ఒకటుంది, దాన్ని తప్పక చెప్పండి. 1970 నాటి భోలా తుపాను తర్వాత హరియాభంగ నది ముఖద్వారంలో ఒక ఇసుక దీవి పైకి తేలింది. మనవాళ్లు న్యూ మూర్ అన్నారు, బంగ్లాదేశ్‌వారు దక్షిణ తాల్‌పట్టి అన్నారు. ఎత్తు రెండు మీటర్లకు మించని ఆ ఇసుక మీద 1981లో మన జెండా కూడా ఎగిరింది. 2010 నాటికి అది నీటిలో మునిగిపోయిందని జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రకటించారు. రెండు దేశాల మధ్య సముద్రపు హద్దును హేగ్‌లోని మధ్యవర్తిత్వ న్యాయస్థానం 2014 జులైలో తేల్చింది. ఆ దీవి పోయింది, కానీ ఉన్నన్నాళ్లూ నేలగానే ఉంది. ఊడాక్ ఉన్నన్నాళ్లూ కూడా నేల కాదు. తేడా ఇక్కడే ఉంది.

ఒక్క సందేహం మాత్రం రాతిపొర గారినే అడగాలి. అక్కడ చూసిన ఒక దిబ్బ మీద లైకెన్లు (రాళ్లకు అంటుకొని మచ్చల్లా పెరిగే జీవులు) ఉన్నాయని, అందువల్ల అది తాత్కాలికమైనది కాదని కొందరు వాదించినట్లు చదివాను. రెల్లు మొలిచిన తిప్పను మేము పాతదిగా లెక్కపెట్టినట్లే, లైకెన్ పట్టిన దిబ్బను వాళ్లు పాతదిగా ఎంచడంలో న్యాయం ఉంది కదా?

కాకినాడ నావికుడు

ఈ చర్చలో నాకు కళ్లతో చూసింది ఒకటుంది కాబట్టి రాస్తున్నాను. సరుకు ఓడలలో డెక్ అధికారిగా పనిచేస్తాను. కెనడాలోని బాఫిన్ దీవి ఉత్తర భాగంలో మిల్న్ ఇన్‌లెట్ అనే చోట వేసవి నెలల్లో ఇనుప ఖనిజం ఎగుమతి చేస్తారు. అక్కడికి వెళ్లే దారిలో డేవిస్ జలసంధి దాటి బాఫిన్ అఖాతంలోకి వెళ్లేటప్పుడు గ్రీన్‌లాండ్ పశ్చిమ తీరం నుంచి దిగివచ్చే ఐస్‌బర్గులు ఎదురవుతాయి.

బొమ్మల్లో చూసినట్లు అవన్నీ తెల్లగా ఉండవు. ఒక వేకువన మా ఓడకు ఎడమ పక్కన చాలా దూరంలో నల్లటి, చదునైన ఆకారం ఒకటి కనిపించింది. సముద్ర పటంలో ఆ చోట నేల లేదు. బైనాక్యులర్లతో చూస్తే దాని నడుమ మట్టిరంగు చార ఒకటి పొడవునా సాగి ఉంది, పైభాగమంతా రాళ్లు పరుచుకొని ఉన్నాయి, అంచున మాత్రం మంచు నీలంగా మెరుస్తోంది. పెద్ద బండరాయి ఒకటి కొసన సగం మంచులో, సగం బయట ఉండిపోయింది. ఎండలో మంచు కరిగే కొద్దీ లోపలి రాళ్లు పైకి తేలి, పైపొర మొత్తం కంకర నేలలాగే తయారవుతుంది. ఆ నీలపు అంచు కూడా హిమపాతంతో కప్పబడి ఉంటే నేను దాన్ని నిస్సందేహంగా దీవి అనుకొని ఉండేవాణ్ని. కొండ చరియలు విరిగి హిమానీనదం మీద పడిన రాళ్లు, హిమానీనదం అడుగున రాపిడికి ఊడివచ్చిన రాళ్లు అలా మంచుతో పాటే సముద్రంలోకి వస్తాయి.

ఇంతకంటే పెద్ద ఉదాహరణ ఆర్కిటిక్ చరిత్రలోనే ఉంది. కెనడాకు చెందిన ఎల్స్‌మియర్ దీవి ఉత్తర తీరంలోని మంచు అరుగు నుంచి విడిపోయిన ఒక పెద్ద పలకకు టీ-3 అని పేరు పెట్టారు. సుమారు 50 మీటర్ల మందం, కిలోమీటర్ల కొద్దీ పొడవు ఉన్న ఆ పలక మీద 1952లో అమెరికా వైమానిక దళం ఒక పరిశోధన కేంద్రమే నెలకొల్పింది. మనుషులు ఏళ్ల తరబడి దాని మీద మారుతూ ఉంటూ వాతావరణాన్నీ, సముద్రపు లోతులనూ కొలిచారు. దాని మీదా మట్టి, రాళ్లు ఉండేవి. అది ఆర్కిటిక్ సముద్రంలో గుండ్రంగా తిరిగి తిరిగి చివరకు 1980లలో అట్లాంటిక్ వైపు కొట్టుకుపోయింది. దానిని ఎవరూ పటంలో దీవిగా గీయకపోవడానికి కారణం ఒక్కటే, అది కదులుతోందని అందరికీ కళ్లముందే తెలిసింది. కాఫెక్లుబ్బెన్ దగ్గరి దిబ్బలు నేలకు తగిలి ఆగినందువల్ల ఆ సంగతి దాగింది.

అవి అక్కడే ఎందుకు ఆగుతాయన్నదానికి సముద్రం వైపు కారణం చెబుతాను. సైబీరియా తీరం నుంచి ధ్రువం మీదుగా గ్రీన్‌లాండ్ వైపు వీచే గాలులూ సాగే ప్రవాహాలూ ఆర్కిటిక్ మంచును ఏళ్ల తరబడి ఈ తీరం మీదికి నెడుతూ ఉంటాయి. అందుకే సముద్రపు మంచులో అన్నిటికంటే పాతదీ మందమైనదీ గ్రీన్‌లాండ్, ఎల్స్‌మియర్ ఉత్తర తీరాలలోనే పేరుకొంటుంది. తీరానికి దగ్గరగా నిలిచిన ఐస్‌బర్గును ఆ ఒత్తిడి కదలనివ్వదు. వేసవిలో కూడా ఓడలు తేలికగా వెళ్లలేని తీరం అది. శాస్త్రవేత్తలు హెలికాప్టర్లనే నమ్ముకోవడం అందుకే.

మన కాకినాడ ముందున్న హోప్ ఐలాండ్ గురించి కూడా పిల్లలకు చెప్పండి. గోదావరి తెచ్చిన ఇసుకను తీరం వెంట సాగే అలలు, ప్రవాహాలు ఉత్తరంగా తోసుకుపోయి, సుమారు రెండు శతాబ్దాలలో పదిహేను కిలోమీటర్లకు పైగా పొడవైన ఆ ఇసుక నాలుకను కట్టాయి. లంగరు వేసిన ఓడలకు తుపాను అలల నుంచి అదే అడ్డు. అంత పొడవైనదాన్ని రెండు వందల ఏళ్లలో కట్టగల నది ఒక పక్క, నది లేని తీరంలో మంచు మోసుకొచ్చిన గుప్పెడు కంకర మరొక పక్క పెట్టి చూపిస్తే వాళ్లకు తేడా వెంటనే తెలుస్తుంది.

ముమ్మిడివరం మాస్టారు

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. పటంలో కాఫెక్లుబ్బెన్‌నే గుర్తిస్తాం. మిగిలిన దిబ్బల స్థానాలను చుక్కల వలయంతో చూపి, ఐస్‌బర్గులు అని రాయిస్తాను. ఇక ఏటిగట్టు గారు అడిగిన లైకెన్ల సందేహం నాకూ ఉంది. దానితో పాటు ఇంకొకటి. కాఫెక్లుబ్బెన్ మీద పూలమొక్కలు ఉన్నాయని చదివి పిల్లలు ఆశ్చర్యపోయారు. అంత ఉత్తరాన సూర్యరశ్మి ఏ మేరకు ఉంటుంది, అవి ఎలా బతుకుతాయి? మంచు తరిగేకొద్దీ అసలైన కొత్త దీవులు బయటపడే అవకాశం ఉందా అని కూడా అడిగారు.

రాతిపొర

లైకెన్ల విషయంలో ఏటిగట్టు గారి తర్కం బలమైనదే. లైకెన్ ఏడాదికి మిల్లీమీటరులో కొంత భాగమే పెరిగే జీవి కనుక, కంటికి కనిపించే మచ్చ ఉందంటే ఆ రాయి చాలా కాలంగా గాలికీ వెలుగుకూ తెరుచుకొని ఉందని అర్థం. అయితే అది రాయి వయసు గురించిన సాక్ష్యం, రాయి ఉన్న చోటు గురించినది కాదు. కొండవాలు మీద ఎన్నో దశాబ్దాలు పడి ఉండి లైకెన్ పట్టిన బండ హిమానీనదం మీదికి జారి, దానితో పాటు సముద్రంలోకి రావచ్చు. రెల్లు సంగతి వేరు, దానికి వేరు దిగడానికి ఆ తిప్పలోని తడి ఇసుకే కావాలి కాబట్టి ఆ చోటు గురించే అది చెబుతుంది. లైకెన్‌కు రాయి ఒక్కటి చాలు. అందువల్ల లోతు కొలతకు ఎదురుగా ఆ వాదన నిలవలేదు.

కాఫెక్లుబ్బెన్ మీద లైకెన్లు, నాచు జాతులతో పాటు రెండు పూలమొక్కలు నమోదయ్యాయి. ఒకటి ఊదారంగు పూలు పూసే సాక్సిఫ్రేజ్, రెండోది ఆర్కిటిక్ ప్రాంతపు గసగసాల జాతి మొక్క. సాక్సిఫ్రేజ్ నేలకు అంటుకొని దట్టమైన గుత్తిగా పెరుగుతుంది. ఆకులు వేలి గోటిలో పదోవంతు కూడా ఉండవు, ఒకదాని మీద ఒకటి పొలుసులుగా అమరి ఉంటాయి. గాలి వాటి పైనుంచి పోతుంది, గుత్తి లోపల మాత్రం ఎండ వేడి కాసేపు నిలుస్తుంది, పాత ఆకులు రాలిపోకుండా అక్కడే ఎండి చుట్టూ కప్పులా ఉంటాయి. మంచు కరిగిన వెంటనే పూయడానికి మొగ్గలను ముందటి ఏడే తయారు చేసి పెట్టుకొంటుంది. గసగసాల మొక్క పువ్వు గిన్నె ఆకారంలో ఉండి సూర్యుడి వైపు తిరుగుతూ ఉంటుంది, ఆ గిన్నెలో చేరిన వేడి విత్తనం కట్టడానికి సాయపడుతుంది.

వెలుగు లెక్క పిల్లలు అక్షాంశం నుంచే కట్టవచ్చు. 83 డిగ్రీల 40 నిమిషాల దగ్గర ఏప్రిల్ మొదటి వారం నుంచి సెప్టెంబరు మొదటి వారం దాకా సూర్యుడు అస్తమించడు. అక్టోబరు రెండో వారం నుంచి మార్చి మొదలు దాకా ఉదయించడు. అయిదు నెలల పగలు ఉన్నా వేడి తక్కువే, ఎందుకంటే జూన్‌లో మధ్యాహ్నం వేళ కూడా సూర్యుడు దిగ్మండలం నుంచి 30 డిగ్రీల ఎత్తుకు మించడు. మీ ముమ్మిడివరంలో డిసెంబరు చివర, ఏడాదిలో సూర్యుడు అతి కిందుగా నడిచే రోజున కూడా మధ్యాహ్నానికి 50 డిగ్రీల ఎత్తున ఉంటాడు. ఆ ప్రాంతం నీటి విషయంలో ఎడారి కూడా. దీవికి దక్షిణాన ఉన్న పియరీ ల్యాండ్‌లో మంచు కురిసేది ఎంత తక్కువంటే, గ్రీన్‌లాండ్‌ను కప్పిన మహా హిమఫలకం అంత ఉత్తరాన ఉన్న ఆ నేలలో చాలా భాగాన్ని కప్పలేకపోయింది.

ఇక కొత్త దీవుల ప్రశ్న. రెండు వైపులా ఉదాహరణలు ఉన్నాయి, రెండూ చెప్పండి. రష్యాకు చెందిన లాప్‌తేవ్ సముద్రంలో వాసిలియెవ్‌స్కీ అనే దీవి ఉండేది. అది ఐస్‌బర్గు కాదు, సముద్రపు అడుగు మీద నిలిచినదే. కానీ దాని ఒళ్లంతా పాత కాలపు మంచూ గడ్డకట్టిన మట్టీ కలిసినది కావడంతో అలలూ వేసవి వేడీ దాన్ని అంచుల నుంచి తినేశాయి. 1936లో ఓడ వెళ్లి చూసేసరికి నీటిపైన ఏమీ మిగలలేదు. ఏటిగట్టు గారి లంకలకు ఆర్కిటిక్‌లో దగ్గరి చుట్టం ఎవరైనా ఉంటే అది ఈ దీవే. దానికి భిన్నంగా, నోవాయా జెమ్ల్యా ద్వీపసమూహంలో ఒక హిమానీనదం వెనక్కి తగ్గడంతో దాని కింద దాగి ఉన్న నేల బయటపడి, అయిదు కొత్త దీవులను 2019లో రష్యా నౌకాదళం కొలిచి పటానికి ఎక్కించింది. గ్రీన్‌లాండ్ తీరంలోనూ మంచు వెనక్కి జరిగిన చోట్ల ఇప్పటిదాకా ద్వీపకల్పాలనుకొన్నవి దీవులుగా తేలుతున్నాయి. అయితే అవన్నీ కాఫెక్లుబ్బెన్‌కు చాలా దక్షిణాన ఉన్నవి. దానికి ఉత్తరంగా లోతు చూసిన చోట్లన్నిటా నీరే ఉంది కాబట్టి, మీ పటంలోని ఆ చుక్కకు పైన పిల్లలు నీలిరంగు నింపవచ్చు.